ధోనీ 148 నాటి జెర్సీ అట! ముందు తేదీ అడిగి చూడండి

2005 ఏప్రిల్ 5న విశాఖ పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద మహేంద్ర సింగ్ ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు కొట్టాడు. అతనికి అది అయిదో వన్డే, మొదటి సెంచరీ. ఆ మైదానానికీ అదే మొదటి అంతర్జాతీయ మ్యాచ్. మూడో నంబరులో దిగిన ఆ జులపాల కుర్రాడి పేరు సాయంత్రానికల్లా దేశమంతా మోగిపోయింది. ఆ రోజు తాము గ్యాలరీలోనే ఉన్నామని చెప్పుకునే వైజాగ్ వాళ్లందర్నీ కూర్చోబెట్టాలంటే మరో రెండు స్టేడియాలు కట్టాలి. ఆ మ్యాచ్ పేరు చెప్పి అమ్మజూపే వస్తువుల సంగతీ ఇంచుమించు అంతే.

ఎవరో మీకు ఒక నీలం జెర్సీ చూపించారనుకోండి. వెనక 7 నంబరు, ముందు సహారా పేరు, పక్కన నల్ల సిరాతో సంతకం. "ఆ 148 కొట్టిన రోజుదే సార్" అంటున్నారు. సంతకం జోలికి ఇంకా వెళ్లకండి. ఛాతీ మీద నైకీ టిక్కు మార్కు ఉందా, చూడండి. ఉంటే మాట అక్కడితో అయిపోయింది. భారత బోర్డుకూ నైకీకీ ఒప్పందం కుదిరింది 2005 చివర్లో, ఆటగాళ్లు ఆ బట్టలు తొడిగింది 2006 నుంచి. ఏప్రిల్లో ధోనీ వంటి మీద ఆ గుర్తు ఉండే అవకాశమే లేదు.

అంతమాత్రాన ఆ జెర్సీ పనికిరాదనీ, అమ్మేవాడు మోసగాడనీ కాదు. అది 2007 నాటి అసలు జెర్సీ కావచ్చు. సంతకం నిజంగా ధోనీదే కావచ్చు. ఇక్కడ మూడు ప్రశ్నలు కలగాపులగం అయిపోతుంటాయి. ఈ వస్తువు చెబుతున్న కాలానిదేనా? దీన్ని ఆ ఆటగాడు ఆ మ్యాచ్‌లో వాడాడా? సంతకం అతను పెట్టిందేనా? ఒకదానికి అవునన్నంత మాత్రాన మిగతా రెండూ అవును కావు. దుకాణంలో కొన్న జెర్సీ మీద అసలు సంతకం ఉండొచ్చు, నిజంగా మ్యాచ్‌లో తొడిగిన జెర్సీ మీద దొంగ సంతకం ఉండొచ్చు. రెండోదే ప్రమాదం. జెర్సీ అసలుదని తేలగానే కొనేవాడి మనసు మెత్తబడిపోతుంది, సంతకాన్ని మళ్లీ విడిగా చూడడు.

వస్తువుకూ ఒక క్యాలెండర్ ఉంటుంది

భారత జట్టు బట్టల మీద కంపెనీల పేర్లు మారుతూ వచ్చాయి కాబట్టి జెర్సీల తేదీ పట్టుకోవడం కష్టం కాదు. ముందు వైపు సహారా 2013 దాకా, స్టార్ 2014 నుంచి 2017 మొదటి నెలల దాకా, ఒప్పో అక్కడినుంచి 2019 సెప్టెంబరు దాకా, ఆ తర్వాత బైజూస్, 2023 జులై నుంచి 2025 ఆగస్టు దాకా డ్రీమ్11. కుట్టిన కంపెనీ 2020 దాకా నైకీ, 2023 జూన్ నుంచి అడిడాస్. ఐసీసీ టోర్నీల్లో ముందు భాగం దేశం పేరుకే, స్పాన్సర్ చేతి మీదకు జరుగుతుంది. అందువల్ల 2018 అక్టోబరు 24న ఇక్కడే వెస్టిండీస్‌తో టై అయిన మ్యాచ్‌లో, వన్డేల్లో పది వేల పరుగులు దాటిన రోజున, కోహ్లీ తొడిగిన జెర్సీ అంటూ ఎవరైనా చూపిస్తే దాని మీద ఒప్పో ఉండి తీరాలి.

వీటన్నిట్లోకీ టెస్టు జెర్సీ గమ్మత్తైనది. విశాఖలో మొదటి టెస్టు 2016 నవంబరులో ఇంగ్లండ్‌తో జరిగింది, కోహ్లీ 167 కొట్టాడు. ఆ మ్యాచ్‌దంటూ వెనక 18 నంబరు, పేరు ఉన్న తెల్ల చొక్కా వస్తే నవ్వి ఊరుకోండి. టెస్టుల్లో వీపు మీద పేర్లు, నంబర్లు వచ్చింది 2019 ఆగస్టులో, ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్‌తో పాటు. 2019 అక్టోబరులో ఇదే మైదానంలో రోహిత్ శర్మ ఓపెనర్‌గా దిగి రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టిన టెస్టుకైతే నంబరు ఉండాలి. అదే మైదానం, అదే తెల్ల చొక్కా. మధ్యలో గడిచిన మూడేళ్లే తేడా.

2016 అక్టోబరు 29 నాటి వన్డే ఇంకా విచిత్రం. న్యూజీలాండ్ 79కే కుప్పకూలిన ఆ మ్యాచ్‌లో మనవాళ్లు వీపు మీద తల్లుల పేర్లు వేసుకుని దిగారు. కోహ్లీ వీపు మీద సరోజ్, ధోనీ వీపు మీద దేవకి. అలాంటి జెర్సీ చూడగానే 'ఇంత అరుదైన సంగతి దొంగవాడికెలా తెలుస్తుందిలే' అనిపిస్తుంది. నిజానికి టీవీలో కోట్లమంది చూసిన సంగతి అది. వీపు మీద ఆ అక్షరాలు అతికించడానికి డాబాగార్డెన్స్‌లో టీషర్టులు ప్రింటు చేసే ఏ కొట్టయినా చాలు. నకిలీకారుడు మొదట పట్టేది అందరికీ గుర్తుండే వివరాన్నే. అందుకని మనం చూడాల్సింది ఎవరికీ గుర్తుండని వాటిని: కుట్టు వరస, లోపలి లేబుల్, సైజు, అక్షరాల అంచుల్లో చెమటకీ ఉతుకుకీ వచ్చిన పగుళ్లు.

పాత స్టేడియం దాకా వెళ్తే కథలు మరీ ధారాళంగా వస్తాయి. ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో 1988 డిసెంబరు 10న న్యూజీలాండ్‌తో వన్డే జరిగింది. కృష్ణమాచారి శ్రీకాంత్ 70 పరుగులు కొట్టడమే కాకుండా బౌలింగ్‌లో 5 వికెట్లు తీసి అందర్నీ ఆశ్చర్యపరిచింది అప్పుడే. అప్పట్లో మన గడ్డ మీద వన్డేలు ఆడింది తెల్లబట్టల్లో, ఎర్రబంతితో. ఆ మ్యాచ్ బంతి అంటూ తెల్లబంతి చూపించే వాడికి క్రికెట్ చరిత్ర తెలియదు, లేదా మీకు తెలియదని నమ్మకం. బంతుల్లో కంపెనీ కూడా చూడాలి. ఈ రోజుల్లో మన దేశంలో టెస్టులకు వాడేది ఎస్‌జీ, అంతర్జాతీయ వన్డేల్లో తెల్లబంతి కూకబుర్రా.

బ్యాట్ విషయంలో స్టిక్కరు మీద ఎక్కువ ఆధారపడకూడదు. స్టిక్కరు ఊడదీసి వేరేది అతికించడం నిమిషాల పని. పైగా పెద్ద ఆటగాళ్ల బ్యాట్లు ఒక చోట తయారై మరో కంపెనీ స్టిక్కరు తగిలించుకోవడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిందే. అయినా తప్పు స్టిక్కరు మాత్రం పట్టిచ్చేస్తుంది. 2010 అక్టోబరులో ఆస్ట్రేలియా మీద కోహ్లీ ఇక్కడ 118 కొట్టిన బ్యాట్ అంటూ ఎంఆర్ఎఫ్ స్టిక్కరు చూపిస్తే కుదరదు, ఆ కంపెనీతో అతని బంధం ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు మొదలైంది. కొలతా సాయపడుతుంది. 2017 అక్టోబరు 1 నుంచి బ్యాట్ అంచు 40 మిల్లీమీటర్లు, మధ్య లోతు 67 మిల్లీమీటర్లు దాటకూడదు. 2019 టెస్టులో వాడినదంటూ తెచ్చిన బ్యాట్ అంచు 44 ఉంటే అది అంపైర్ల కొలతపరికరంలో దూరేదే కాదు.

బ్యాట్‌లో నమ్మదగ్గది దాని చెక్క. విల్లో నారగీతలు ఏ రెండు బ్యాట్లకీ ఒకేలా ఉండవు. మ్యాచ్ రోజు ఫొటో ఏజెన్సీల వాళ్లు తీసిన స్పష్టమైన బొమ్మ దొరికితే గీతల్ని పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. 2005 నాటి టీవీ రికార్డింగుతో పోల్చి సరిపోయిందన్నారంటే మాత్రం నమ్మకండి, ఆ నాణ్యతలో బ్యాట్ మీద నారగీతలు కనిపించవు.

సంతకం దగ్గర తొందర వద్దు

సంతకం పోల్చాలంటే అందరూ ముందు ఆకారం చూస్తారు. ఫోర్జరీ చేసేవాడు కష్టపడేదీ ఆకారం మీదే కాబట్టి అక్కడ తప్పు దొరకడం కష్టం. వేగం చూడాలి. రోజుకు వందల సంతకాలు పెట్టే ఆటగాడి చేయి ఆగదు. గీత మొదట్లో సన్నగా దిగి చివర్లో తేలిపోతుంది. చూసి గీసేవాడి చేయి మలుపు దగ్గర ఆగుతుంది, ఆగినచోట సిరా చుక్కకడుతుంది, గీతలో సన్నని వణుకు కనిపిస్తుంది. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం చాలు. గీతకు బదులు చిన్న చిన్న రంగు చుక్కలు కనిపిస్తే అది అచ్చు వేసిన సంతకం. చిన్న బ్యాట్ల మీద జట్టంతటి సంతకాలూ ఉండి, అన్నీ ఒకే ముదురులో, ఒకే మందంలో ఉంటే అవి చాలావరకు అచ్చువే.

మరో పరీక్ష సంతకానికీ బంతి మచ్చకీ మధ్య వరస. మ్యాచ్‌లో ఆడి, ఆ సాయంత్రమే సంతకం పెట్టిచ్చిన బ్యాట్ అంటే మచ్చలు కింద, సిరా పైన ఉండాలి. సిరా మీద బంతి ముద్ర ఉంటే సంతకం పెట్టాకే ఎవరో ఆ బ్యాట్‌తో ఆడారని అర్థం. మచ్చ రంగూ చూడాలి. తెల్లబంతి వన్డేలో ఆడిన బ్యాట్ మీద ఎర్రటి మచ్చలే నిండి ఉంటే అనుమానించాల్సిందే. అయితే నెట్స్‌లో ఎర్రబంతితో ఆడి ఉండొచ్చు కాబట్టి ఇదొక్కటే పట్టుకుని తీర్పు చెప్పేయకూడదు.

సిరాకూ వయసు ఉంటుంది. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ నాయకత్వంలో 1936లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లింది, సీకే నాయుడు కూడా ఆ జట్టులో ఉన్నాడు. ఉత్తరాంధ్రలో పాత వస్తువులు సేకరించే వాళ్లకు ఆ జట్టు సంతకాల కాగితం అంటే నోరూరుతుంది. ఇప్పుడు మనం వాడే రకం బాల్‌పెన్‌కు పేటెంటు వచ్చింది 1938లో, జనం చేతికి అందింది 1940ల నడుమ. మార్కర్ పెన్నులు జనంలోకి వచ్చింది 1950ల తర్వాతే. కాబట్టి ఆ కాగితం మీద ఫౌంటెన్ పెన్నుదో పెన్సిలుదో కాని రాత ఉంటే చూడనక్కర్లేదు. ఇంకో మెలిక ఉంది. లాలా అమర్‌నాథ్‌ను ఆ పర్యటనలో మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. ఆగస్టులో ఓవల్ టెస్టు సమయంలో అందరూ పెట్టిన సంతకాలంటూ చూపించే కాగితం మీద ఆయన పేరుంటే, ఆ సంతకం ఓడలో వచ్చిందా అని అడగాలి.

కరెన్సీ నోట్లు చూడడానికి కొట్లలో వాడే అతినీలలోహిత లైటు ఈ పనికీ పనికొస్తుంది. కాగితం, బట్ట తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు ఆ కాంతిలో నీలంగా వెలుగుతాయి. 1950లకు ముందటి కాగితాల్లో అవి ఉండవు. బట్టలకు ఇది అంతగా నప్పదు. మన ఇళ్లలో తెల్లబట్టకు టినోపాల్, రాణిపాల్ పెట్టి ఉతికే అలవాటు తరాలనాటిది. అసలైన పాత చొక్కా కూడా ఎవరో ఇల్లాలు శ్రద్ధగా ఉతికి పెట్టిందంటే దీపావళిలా వెలిగిపోతుంది. కాగితం వెలిగితే అనుమానించండి, చొక్కా వెలిగితే ఎవరు ఉతికారో అడగండి.

మన ఊరి గాలి కూడా సాక్ష్యమే. సముద్రం పక్కన ఇరవై ఏళ్లు ఉన్న కాగితానికి గోధుమరంగు మచ్చలు పడతాయి, స్టేపుల్ పిన్ను తుప్పు పట్టి చుట్టూ ముద్ర దిగుతుంది, తోలుకు బూజు పడుతుంది. "పాతికేళ్లుగా బీచ్ రోడ్డులో మా ఇంట్లో గోడకు వేలాడుతోంది" అన్న ఫొటో ఫ్రేము మేకులు తళతళలాడుతుంటే ఫ్రేము కొత్తదన్నా అవ్వాలి, మాట కొత్తదన్నా అవ్వాలి.

ఇక అసలు సరుకు: కథ

కొనేవాళ్లు డబ్బు పెట్టేది చాలాసార్లు వస్తువుకు కాదు, దాని వెనక కథకు. విశాఖలో ఆ కథలు నాలుగైదు అచ్చుల్లో వస్తాయి. "మా మావయ్య గ్రౌండ్‌లో పని చేసీవాడు, మేచ్ అయిపోయాక పిలిచి మరీ ఇచ్చాడంట." టీమ్ దిగిన హోటల్లో రూమ్ బాయ్‌గా చేసిన తమ్ముడు. బందోబస్తుకు వెళ్లిన కానిస్టేబుల్. నెట్స్‌లో బౌలింగ్ వేసిన కుర్రాడు. ఇవేవీ అసాధ్యం కాదు. ఆటగాళ్లు గ్లవ్స్, బూట్లు, చొక్కాలు నిజంగానే ఇస్తుంటారు, నెట్ బౌలర్లకు మరీను. జరగడానికి అవకాశం ఉన్న కథ కాబట్టే అబద్ధమాడేవాడూ దాన్నే ఎంచుకుంటాడు. అందుకని 'నమ్మేలా ఉంది' అన్న మాటకు ఇక్కడ ఎలాంటి విలువా లేదు.

తప్పని తేలడానికి అవకాశం ఉన్న కథకే విలువ. ఏ మ్యాచ్? ఏ రోజు? ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి? తేదీ చెప్పగానే వస్తువు మీద ఒక బాధ్యత పడుతుంది, పైన చూసిన క్యాలెండర్లన్నీ దాన్ని నిలదీస్తాయి. తేదీ చెప్పని కథను ఎవరూ తప్పని నిరూపించలేరు, అలాగే దానికి ధరా కట్టలేరు. నిజాయితీగా అమ్మేవాళ్లకూ అన్నీ గుర్తుండవు. ఇరవై ఏళ్ల నాటి సంగతి ఇంట్లో చెప్పుకుంటూ చెప్పుకుంటూ 2010 కాస్తా 2005 అయిపోవచ్చు. "ఆ వివరం నాకు తెలీదు సార్, మావయ్య ఉంటే చెప్పేవాడు" అన్న మాట వింటే నాకు నమ్మకం పెరుగుతుంది. భయపెట్టేది మరో రకం. నైకీ గుర్తు సంగతి ఎత్తగానే, ఊపిరి కూడా తీసుకోకుండా, "ఓ అదా సార్, అయితే అది పదిలో ఆస్ట్రేలియా మేచ్‌ది అయ్యుంటది" అనేవాడు. మన ప్రశ్న ఎటు వంగితే కథ అటే వంగుతోందంటే, ఆ కథ మన కోసమే కుట్టింది.

పీఎం పాలెంలో నూట యాభై గజాల స్థలం కొనాలంటే వైజాగ్ వాళ్లు ముప్ఫై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీయించి, ఒక్క లింకు తెగితే అడ్వాన్సు వెనక్కి అడుగుతారు. లక్ష పెట్టి బ్యాట్ కొనే చోట అదే మనిషి కథ విని చేతిలో డబ్బు పెట్టేస్తాడు. అడగాల్సింది అక్కడా లింకే. మావయ్య అక్కడ పనిచేసినట్టు ఆ ఏటి గుర్తింపు కార్డో, జీతం కాగితమో ఉందా? అప్పటి ఫొటో ఉందా? మావయ్య నుంచి ఇతనికి ఎలా వచ్చింది, తోబుట్టువులకు ఆ సంగతి తెలుసా?

కాగితాలు చూపించారంటే పని మొదలైనట్టే. కాగితానికి కూడా తేదీలుంటాయి, ఇక్కడ మన స్థానిక జ్ఞానం ఎంత పెద్ద నిపుణుడికైనా ఉండనంత పదునైనది. 2005 నాటి పాస్ మీద స్టేడియం పేరులో డాక్టర్ వైఎస్ రాజశేఖరరెడ్డి అని ఉంటే ఆలోచించండి. అప్పుడాయన ముఖ్యమంత్రిగా ఉన్నారు. స్టేడియానికి ఆ పేరు చేరింది 2009 సెప్టెంబరులో ఆయన చనిపోయాకే. టికెట్ ధర పక్కన రూపాయి గుర్తు ఉందా? అడ్డగీతలతో ఉన్న ఆ గుర్తును ప్రభుత్వం ఆమోదించింది 2010 జులైలో. అంతకుముందు అచ్చయ్యేది 'రూ.' మాత్రమే. 2005 వేసవి నాటి ఉత్తరం మీద జీవీఎంసీ అని ఉందా? గ్రేటర్ విశాఖ కార్పొరేషన్ ఏర్పడింది ఆ ఏడాది చివర్లో. చిరునామాలో 'అనకాపల్లి జిల్లా' ఉందా? ఆ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే 2017 జులైకి ముందటిది కాదు, చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టుకు ముందటిది కాదు. బొంబాయిలోనో లండన్‌లోనో కూర్చున్న సంతకాల నిపుణుడికి అనకాపల్లి జిల్లా సంగతి తట్టదు. మనకు ఒక్క చూపులో తెలిసిపోతుంది.

నోటరీ చేసిన స్టాంపు పేపరు చూపించి ధైర్యం చెప్పేవాళ్లు ఉంటారు. నోటరీ ధ్రువీకరించేది ఫలానా మనిషి తన ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాడని మాత్రమే, ఆ మనిషి చెప్పింది నిజమని కాదు. ఆటగాడి పక్కన నిలబడి దిగిన ఫొటో సంగతీ అంతే. ఇద్దరూ కలిశారని అది చెబుతుంది, ఈ బ్యాట్ గురించి ఏమీ చెప్పదు. ఫొటోలో అదే బ్యాట్ ఉండి, నారగీతలు కనబడితే అప్పుడు వేరు.

పెద్ద పెద్ద వేలం సంస్థల్లోనూ తగువు వచ్చేది సరిగ్గా ఈ లింకుల దగ్గరే. 1986 జూన్ 22న మెక్సికోలో ఇంగ్లండ్ మీద మారడోనా చేత్తో గోల్ కొట్టిన మ్యాచ్ జెర్సీ 2022 మేలో సదబీస్ వేలంలో 71 లక్షల పౌండ్లకు పైగా పలికింది. మ్యాచ్ అవగానే ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్ మారడోనాతో చొక్కాలు మార్చుకున్నాడు, ఏళ్ల తరబడి అది ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యూజియంలో అందరి కళ్ల ముందే ఉంది. చేతులు మారిన లెక్క ఇంతకంటే శుభ్రంగా ఉండదు. అయినా మారడోనా కూతురు అడ్డం తిరిగింది. హాడ్జ్ దగ్గరున్నది మొదటి సగంలో తొడిగింది, గోల్స్ కొట్టింది రెండో సగంలో కదా అని. హాడ్జ్ అబద్ధమాడాడని ఎవరూ అనలేదు. ప్రశ్నల్లా అతని చేతికి ఏ చొక్కా వచ్చిందన్నదే. చివరికి సంస్థ ఆధారపడింది ఫొటోలతో చేసిన పోలిక మీద. ఆ చొక్కాలు మ్యాచ్‌కు కాస్త ముందు మెక్సికోలోనే హడావిడిగా కొని చిహ్నాలు కుట్టించినవి కావడంతో ఏ రెండూ ఒకేలా లేవు. ఆ హడావిడే పోలికకు పనికొచ్చింది.

మన లింకున్న ఉదాహరణా ఒకటుంది. 1947-48లో భారత్ ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు డాన్ బ్రాడ్‌మన్ తన ఆకుపచ్చ టోపీని భారత జట్టు మేనేజర్ పంకజ్ గుప్తాకు ఇచ్చాడు. 2024 డిసెంబరులో సిడ్నీలో అది వేలానికి వచ్చింది, కమిషన్‌తో కలిపి 4 లక్షల 79 వేల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. దాని అంచు చిరిగింది, ఎండకు రంగు వెలిసింది, పురుగు కొట్టింది. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ పర్యటనలో అన్న మూడూ తెలుసు కాబట్టి చిరుగు ఎవరికీ పట్టలేదు.

హోలోగ్రామ్ మీద భక్తి

సర్టిఫికెట్లు రెండు రకాలు. సంతకం పెడుతుంటే పక్కన నిలబడి చూసినవాడు ఇచ్చేది ఒకటి. వస్తువును తర్వాతెప్పుడో చూసి, నిజమే అనిపిస్తోందని ఇచ్చేది రెండోది. మొదటిది సాక్ష్యం, రెండోది అభిప్రాయం. కాగితం నాణ్యత రెండిటికీ ఒకటే కాబట్టి కొనేవాళ్లు తేడా చూడరు. అమెరికాలో 1990ల చివర ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో కాలిఫోర్నియాలో ఒక దొంగ సంతకాల ముఠాను పట్టుకుంది. అందులో సంతకాలు ప్రధానంగా ఫోర్జరీ చేసింది గ్రెగ్ మరీనో అనే వాడు. దొరికిన సరుకులో మదర్ థెరిసా సంతకంతో బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి. ఆవిడ బంతి మీద సంతకం ఎందుకు పెడుతుందని కొన్నవాళ్లు ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే దాంతో పాటు సర్టిఫికెట్ ఉంది. ఆ దర్యాప్తులన్నీ ముగిసేసరికి 60 మందికి పైగా దోషులుగా తేలారు. ఆ దెబ్బకే అక్కడి మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001లో కొత్త పద్ధతి మొదలుపెట్టింది. ప్రతి మ్యాచ్‌కూ మైదానంలో ఒక సాక్షి ఉంటాడు, బంతి బయటకు రాగానే నంబరున్న హోలోగ్రామ్ అంటిస్తాడు, ఆ నంబరు లీగ్ దగ్గర నమోదవుతుంది. అక్కడ పనిచేసేది చూసిన మనిషి, నమోదైన నంబరు. మెరిసే స్టిక్కరు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు.

అందుకని సర్టిఫికెట్ చూపిస్తే నంబరును మీరే ఆ సంస్థ సొంత సైట్లో వెతకండి, అమ్మేవాడు పంపిన లింకులో కాదు. అక్కడి ఫొటోలో ఉన్నది మీ చేతిలో ఉన్న వస్తువేనా చూడండి. అసలు సర్టిఫికెట్‌ను దొంగ వస్తువుకు జతచేయడం పాత విద్యే. నిపుణుల ముద్రకూ హద్దులున్నాయి. హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మతో సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఒక పాత కార్డు అమెరికాలో 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. కార్డు ఎంత బాగుందో చూసి మార్కులేసే గ్రేడింగ్ సంస్థ దానికి ఉన్నత శ్రేణి ఇచ్చింది. ఒకప్పుడు దాన్ని అమ్మిన బిల్ మాస్ట్రో 2013లో, అంచులు తానే కత్తిరించి సాపు చేశానని కోర్టు ముందు ఒప్పుకున్నాడు.

డబ్బు ఇచ్చే ముందు

నకిలీ అని తేల్చడానికి ఒక్క తప్పు తేదీ చాలు. అసలు అని పూర్తిగా తేల్చడం మాత్రం దాదాపు ఎవరివల్లా కాదు, ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలమంతే. ధర ఆ నమ్మకానికి తగ్గట్టు ఉండాలి. కాలం సరిపోయింది కానీ మ్యాచ్‌లో వాడినట్టు ఆధారం లేదంటే అది పాత జెర్సీ ధరే. సంతకం బాగుంది కానీ చేతులు మారిన లెక్క లేదంటే, వట్టి సంతకానికి ఎంత ఇస్తారో అంతే. "ఇంకో పార్టీ రేపు వస్తన్నాడు సార్" అంటే రానివ్వండి.

నేను అందరికీ చెప్పేది ఒకటే: నోటితో చెప్పిన కథనంతా బిల్లు మీద రాసివ్వమనండి. 'ఫలానా ఆటగాడు ఫలానా తేదీన విశాఖ మ్యాచ్‌లో వాడిన బ్యాట్' అని, అమ్మేవాడి పేరు, చిరునామా, సంతకంతో. డబ్బు నగదుగా కాకుండా ఖాతాకు పంపండి. చాలా కథలు ఇక్కడే కుంచించుకుపోతాయి. 'వాడిన' కాస్తా 'వాడినట్టు చెబుతున్న' అవుతుంది. అప్పుడు ధర కూడా అలాగే కుంచించమని అడగవచ్చు.

ఆ కాగితం చట్టం ముందూ నిలుస్తుంది. వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టమే చెబుతోంది. అమ్మింది వ్యాపారి అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, వివాదం తలెత్తిన రెండేళ్లలోపు. తెలిసి మోసం చేశాడంటే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ఉంది, పాత 420కి ఇప్పుడదే స్థానం. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయాలి, మొదటి గంటల్లో అయితే డబ్బు దారిలోనే ఆపే అవకాశం ఉంటుంది.

ఇక మీ ఇంట్లోనే నాన్నగారు దాచిన ఆటోగ్రాఫ్ పుస్తకమో, ఇందిరా ప్రియదర్శినిలో 1996 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా, కెన్యా ఆడిన రోజు టికెట్టో ఉంటే, అది ఎలా వచ్చిందో ఆయన ఉండగానే ఆయన చేత్తోనే రాయించి, తేదీ వేయించి, వస్తువు ఆయన చేతిలో ఉండగా ఫొటో తీసి పెట్టండి. వెలిసిపోతున్న సంతకం మీద పెన్నుతో మళ్లీ దిద్దకండి. బ్యాట్‌కు నూనె రాయకండి, చొక్కా ఉతక్కండి. టికెట్లకు లామినేషన్ మాత్రం అసలు చేయించకండి.